ఆఫీసు సర్వర్ తీసేసి అంతా క్లౌడ్‌లో పెట్టమంటున్నారు, ఎక్కడ మొదలుపెట్టాలి?

బెజవాడ_బుల్లోడు
మాది విజయవాడలో మందుల హోల్‌సేల్. పెదనాన్నగారు పెట్టిన పార్టనర్‌షిప్ ఫర్మ్. ఏలూరు, రాజమండ్రిలో చెరో గోడౌన్, మొత్తం 38 మంది. నా అసలు పని కొనుగోళ్ళు, కానీ ఇంట్లో కంప్యూటర్లు చదివింది నేనొక్కడినే కాబట్టి ఐటీ డిపార్ట్‌మెంట్ కూడా నేనే.

ఉన్న సామాను ఇదీ. 2015లో కొన్న టవర్ సర్వర్ ఒకటి, అందులో విండోస్ సర్వర్ 2012 ఆర్2, డేటాబేస్ నడపడానికి ఎస్‌క్యూఎల్ సర్వర్ 2014. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ గుంటూరులో ఒకాయన వీబీ డాట్ నెట్‌లో రాసిచ్చాడు, డేటాబేస్ 23 జీబీ. ట్యాలీ వేరే. స్కాన్ చేసిన బిల్లులు, కంపెనీల స్కీము లెటర్లు పడేసే షేర్డ్ ఫోల్డర్ 1.8 టీబీ. బ్రాంచిల వాళ్ళు రిమోట్ డెస్క్‌టాప్‌లో వస్తారు, అంటే అక్కడి నుంచే ఈ సర్వర్ స్క్రీన్ తెరిచి పనిచేస్తారు.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు నీళ్ళు సింగ్ నగర్‌లోకి వచ్చినప్పుడు మా ఆఫీసు అక్కడే, గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉంది. గోడౌన్ కుర్రాళ్ళిద్దరు సర్వర్‌ను ఎత్తి బీరువా మీద పెట్టారు. నీళ్ళు మూడో అర దాకా వచ్చి ఆగాయి. సర్వర్ బతికింది గానీ కింద ఉన్న యూపీఎస్, బ్యాకప్ హార్డ్‌డిస్క్ పోయాయి. కరెంటు వచ్చేదాకా సర్వర్ బతికుందో లేదో కూడా తెలీదు. ఈలోగా అకౌంటెంట్‌గారు గురువారం ఇంటికి తీసుకెళ్ళిన పెన్‌డ్రైవ్‌తో ఒక లాప్‌టాప్‌లో నడిపాం. శుక్ర, శనివారాల బిల్లులు అందులో లేవు, కాగితాలు తడిసి ముద్దయిపోయాయి. మెడికల్ షాపులవాళ్ళకి ఫోన్లు చేసి, మేమిచ్చిన బిల్లులే ఫోటో తీసి వాట్సాప్‌లో పంపమని అడుక్కున్నాం. పది రోజులు అదే పని.

ఇప్పుడు పెదనాన్న "అన్నీ క్లౌడ్‌లో పెట్టేయ్" అంటున్నారు. ఒక వెండర్ వచ్చి, 15 రోజుల్లో ఉన్నదున్నట్టు ఎత్తి అక్కడ పెడతాం, నెలకు 62,000 అని కొటేషన్ ఇచ్చాడు. ఏడాదికి ఏడు లక్షల నలభై నాలుగు వేలు. ఆ డబ్బుకి కొత్త సర్వర్లు రెండొస్తాయి కదా?

అనుమానాల_పక్షి
వస్తాయి. ఒకటి కొని రెండో అంతస్తులో పెట్టండి. వరద రెండో అంతస్తుకి రాదు, నెలనెలా బిల్లూ రాదు. అయిపోయింది.

కాకినాడ_కాజా
ముందు ఆ బీరువాకి శాలువా కప్పారా లేదా?

సర్వర్_సూరి
పక్షిగారూ, వరద రాకపోతే ఎలుక వస్తుంది, ఎలుక రాకపోతే ఏసీ పోతుంది. మా దగ్గర ఏసీ నీళ్ళు సరిగ్గా సర్వర్ మీదే కారాయి.

బుల్లోడు గారూ, ఒక్క ప్రశ్న. బ్రాంచిల వాళ్ళు రిమోట్ డెస్క్‌టాప్‌లో వస్తారన్నారు. వీపీఎన్ (తాళం వేసిన ప్రైవేటు దారి) ద్వారానా, లేక ఇంటర్నెట్‌లో ఎవరైనా తట్టగలిగేలా రూటర్‌లో పోర్ట్ తెరిచి పెట్టారా?

బెజవాడ_బుల్లోడు
పోర్ట్ తెరిచాం. కానీ అందరికీ తెలిసిన మామూలు నంబర్ 3389 కాదు, భద్రత కోసం 3390కి మార్చాం.

కాకినాడ_కాజా
దొంగ 3389 తట్టి, ఎవరూ లేరనుకుని వెళ్ళిపోతాడన్నమాట 😄

సర్వర్_సూరి
నవ్వే విషయం కాదు. క్లౌడ్ సంగతి తర్వాత, ఇది చదవడం ఆపి ఆ పోర్ట్ మూసేయండి. ఇలాగే తెరిచిపెట్టిన ఒక రైస్ మిల్లు సర్వర్ కోసం నన్ను ఆదివారం రాత్రి పిలిచారు. అడ్మిన్ పాస్‌వర్డ్ మిల్లు పేరు, చివర 123. వెళ్ళేసరికి ఫైళ్ళన్నీ లాక్ అయి, స్క్రీన్ మీద డబ్బు కట్టమని నోటీసు. బ్యాకప్ ఉంది కదా అని ఎన్‌ఏఎస్ (నెట్‌వర్క్‌లో పెట్టే డిస్కుల పెట్టె) తెరిస్తే అదీ లాకే, ఎందుకంటే సర్వర్‌కి అది జడ్ డ్రైవ్‌గా తగిలించి ఉంది. సర్వర్ ఏం రాయగలదో ఆ వైరస్ కూడా అదంతా రాయగలదు. ఓనర్‌గారు నా ముందే కుర్చీలో కూలబడిపోయారు.

అలాంటి సర్వర్‌ను ఉన్నదున్నట్టు క్లౌడ్‌కి ఎత్తితే అదే పోర్ట్, అదే పాస్‌వర్డ్ అక్కడికీ వెళ్తాయి.

చిట్టి_క్లౌడ్
నేను ఈ పనే చేస్తాను (హైదరాబాద్, తొమ్మిదేళ్ళు), అయినా మీ వెండర్‌ను సమర్థించను. 15 రోజులు అన్నాడంటే సర్వర్ కాపీ చేయడానికి పట్టే టైమ్ చెప్పాడు. అందులో తవ్వకం లేదు.

తవ్వకం అంటే, ఆ సర్వర్‌తో ఎవరెవరు ఏ దారిలో మాట్లాడుతున్నారో కాగితం మీద పెట్టడం. కనీసం ఒక నెలాఖరు దాటేదాకా చూడాలి, ఎందుకంటే నెలకోసారి మాత్రమే బయటికొచ్చే జీవులు కొన్నుంటాయి. ఎవరో పాత ఎక్సెల్ షీటు నేరుగా డేటాబేస్‌కి తగిలించి ఉంటారు. సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడో 192.168 అని ఐపీ అడ్రస్ పాతేసి ఉంటుంది. ఆ సాఫ్ట్‌వేర్ సోర్స్ కోడ్ ఎవరి దగ్గరుంది? డిజిటల్ సంతకం టోకెన్ ఏ సిస్టమ్‌కి గుచ్చుతారు? ప్రింటర్లు ఏ రకం?

ఇంకోటి, టాస్క్ మేనేజర్ తెరిచి మధ్యాహ్నం రద్దీలో ప్రాసెసర్, మెమరీ ఎంత వాడుతోందో ఇక్కడ పెట్టండి. కొటేషన్‌లో ఎన్ని కోర్లు, ఎంత ర్యామ్ రాశాడో కూడా.

బెజవాడ_బుల్లోడు
పోర్ట్ మూసేశాను. ఏలూరు నుంచి అప్పుడే తిట్లు మొదలయ్యాయి, సాయంత్రానికి వీపీఎన్ పెట్టిస్తున్నాను.

కొటేషన్: 8 కోర్లు, 64 జీబీ ర్యామ్, ఎస్‌క్యూఎల్ స్టాండర్డ్ లైసెన్సుతో కలిపి. మా సర్వర్ ఇప్పుడు: ప్రాసెసర్ 10 నుంచి 15 శాతం, మెమరీ 14 జీబీ.

ప్రింటర్లు డాట్ మ్యాట్రిక్స్, నాలుగు. ఎందుకు అడిగారు?

ఓరుగల్లు_కుర్రోడు
ప్రింటర్ సంగతి నేను చెప్తా అన్నా, అది నా గాయం.

మాది హన్మకొండలో ఎలక్ట్రికల్ సామాన్ల షాపు. పోయినేడు క్లౌడ్‌కి మారినం. అంతా మంచిగ నడిచింది, ఫస్ట్ బిల్లు కొట్టే దాకా. రిమోట్ డెస్క్‌టాప్ నుంచి వచ్చే ప్రింట్ మామూలు సెట్టింగుల్లో బొమ్మలాగ వస్తది, అక్షరాల్లాగ కాదు. ఎప్పుడూ పది సెకన్లల్ల పడే బిల్లు నిమిషం పాటు కర్ కర్ మని అరుచుకుంటా పడ్డది. మాది ఆరంగుళాల కాగితం. దాన్ని ఏ4 అనుకొని ప్రతి బిల్లుకి ఒక ఖాళీ బిల్లు బయటికి తోసింది. నంబర్లు ముందే అచ్చేసిన కాగితం అది! ఒక్క పూటల రెండు వందల బిల్లు ఫారాలు చెత్తబుట్టల పడ్డయ్, కస్టమర్లు లైన్ల నిలబడి చూసిన్రు.

చివరికి బిల్లును టెక్స్ట్ ఫైలుగా తయారుచేసి, దాన్ని కౌంటర్ దగ్గరి సిస్టమ్ నేరుగా ప్రింటర్‌కి పంపేటట్టు చేసుకున్నం. మారకముందు ఒక్క పాత బిల్లు కొట్టి చూసుంటే అయిపోయేది.

కాకినాడ_కాజా
మేఘం దాకా వెళ్ళి రిబ్బన్ దగ్గర ఆగిపోయారు.

పాత_డీబీఏ
అందరూ అసలు సంగతి వదిలేశారు. మీ సాఫ్ట్‌వేర్ ప్రతి కౌంటర్ సిస్టమ్‌లో ఉండి నేరుగా ఎస్‌క్యూఎల్‌తో మాట్లాడే రకం. అలాంటివి ఒక స్క్రీన్‌కి వందల క్వెరీలు (డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలు) వేస్తాయి, ఒకటయ్యాక ఒకటి. మందు పేరు కొట్టగానే బ్యాచ్‌లు, ఎక్స్‌పైరీ, స్కీము, పాత రేటు, ఆ షాపు బాకీ. 400 క్వెరీలు అనుకోండి. ఆఫీసు లోపలి నెట్‌వర్క్‌లో ఒక్కోదానికి మిల్లీసెకను కూడా పట్టదు, అరసెకనులోపే స్క్రీన్ నిండుతుంది. అదే డేటాబేస్‌ను ముంబైకి పంపి, వెళ్ళిరావడానికి 30 మిల్లీసెకన్లు అనుకుంటే 12 సెకన్లు. ఒక్క మందుకి! షాపువాడు ఫోన్‌లో నలభై మందులు చదువుతుంటే ఎనిమిది నిమిషాలు వట్టి ఎదురుచూపులే. లైన్ 100 ఎంబీపీఎస్ నుంచి 300 చేసుకున్నా ఇది తగ్గదు, దూరం దూరమే.

కాబట్టి డేటాబేస్ ఒక్కటే పంపకండి. సాఫ్ట్‌వేర్, డేటాబేస్ పక్కపక్కనే ఉండాలి, కౌంటర్‌కి స్క్రీన్ బొమ్మ మాత్రమే రావాలి. అప్పుడు రిమోట్ డెస్క్‌టాప్ లైసెన్సులు కావాలి, విండోస్ సర్వర్ ఊరికే ఇచ్చేది అడ్మిన్ పనికి రెండు సెషన్లే. అవి కొటేషన్‌లో ఉన్నాయేమో చూడండి, చాలామంది రాయరు.

ఆ 62 వేలలో సగం దాకా ఎస్‌క్యూఎల్ లైసెన్సే అయ్యుంటుంది. స్టాండర్డ్‌కి కనీసం నాలుగు కోర్లకు కట్టాలి, వీడు 8 వేశాడు. మీది 23 జీబీ. ఎస్‌క్యూఎల్‌లోనే ఎక్స్‌ప్రెస్ అనే రకం ఉచితం, ఇంతకుముందు 10 జీబీ దాటితే పనికొచ్చేది కాదు, 2025 వెర్షన్‌లో 50 జీబీకి పెంచారు. కాకపోతే అది డేటా కోసం వాడుకునే మెమరీ 1.4 జీబీ దగ్గరే ఆగుతుంది, ఆటోమేటిక్ జాబ్‌లు నడిపే ఏజెంట్ ఉండదు. నెలాఖరు రిపోర్టులు ఏడుస్తాయేమో కాపీ మీద నడిపి చూడండి.

డల్లాస్_నైట్‌షిఫ్ట్
@పాత_డీబీఏ ముంబై ఎందుకు, 2022 నవంబర్ నుంచి ఏడబ్ల్యూఎస్‌కి (అమెజాన్ క్లౌడ్‌కి) హైదరాబాద్‌లోనే రీజియన్, అంటే డేటా సెంటర్లు, ఉన్నాయి కదా.

పాత_డీబీఏ
ఉంది. కానీ మీ ఇంటర్నెట్ వాడు ప్యాకెట్‌ను ఏ దారిలో తిప్పుతాడో వాడి ఇష్టం. విజయవాడ నుంచి హైదరాబాద్‌కి చెన్నై మీదుగా వెళ్ళడం నేను ట్రేస్ చేసి చూశాను. రెండింటికీ పింగ్ కొట్టి (వెళ్ళిరావడానికి ఎంతసేపు పడుతుందో కొలిచి), పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి రాసుకోమనండి. మ్యాప్ చూసి ఎంచుకోవద్దు.

పాలకోవా_77
టైమ్ జోన్ మర్చిపోకండి. మా డెయిరీలో పాల బండ్లు తెల్లవారుజామున మూడున్నరకి బయల్దేరతాయి, బిల్లులు అప్పుడే పడతాయి. క్లౌడ్‌కి మారిన మొదటి రోజు బిల్లులన్నీ నిన్నటి తేదీతో పడ్డాయి. అక్కడి డేటాబేస్ గడియారం యూటీసీలో ఉంది, మనకన్నా ఐదున్నర గంటలు వెనక. పగలు టెస్ట్ చేశాం కాబట్టి ఎవరికీ కనబడలేదు. పైగా అది నెల ఒకటో తారీఖు, పాలన్నీ పోయిన నెలలో అమ్ముడుపోయాయి.

లెక్కల_మాస్టారు
ఒకటో తారీఖునే మారడమేమిటండీ, జీఎస్టీ లెక్కలు తేలకముందే! నెల మధ్యలో పెట్టుకోవాలి. మార్చి, ఏప్రిల్ అసలే వద్దు.

చట్టం సంగతి: కంపెనీల అకౌంట్స్ బ్యాకప్ రోజూ మన దేశంలో ఉన్న సర్వర్‌లో పడాలని కంపెనీల రూల్స్‌లో ఉంది, 2022 నుంచి. ఆడిట్ ట్రెయిల్ (ఎంట్రీల్లో చేసిన ప్రతి మార్పు నమోదు) 2023 ఏప్రిల్ నుంచి. మీది పార్టనర్‌షిప్ కాబట్టి ఆ రెండూ మీకు నేరుగా వర్తించవు, కానీ రేపు ప్రైవేట్ లిమిటెడ్ చేస్తే వర్తిస్తాయి. ఎలాగూ ఇండియా రీజియన్ పెట్టుకోండి. జీఎస్టీ రికార్డులు వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు ఉంచాలి, పాత ఫోల్డర్లు తీసేసేటప్పుడు అది గుర్తుంచుకోండి.

సర్వర్ కొంటే తరుగుదల, అద్దెకు తీసుకుంటే ఖర్చు. క్లౌడ్ బిల్లు మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది, మీ జీఎస్టీ నంబర్ వాళ్ళ పోర్టల్‌లో ఎక్కించకపోతే ఆ క్రెడిట్ పోతుంది. నా క్లయింట్ ఒకాయన ఎనిమిది నెలలు ఎక్కించలేదు.

అనుమానాల_పక్షి
ఇన్ని తంటాలు పడే బదులు సర్వర్ కొనుక్కోమన్నాను. ఇంటర్నెట్ పోతే బిల్లు ఎలా కొడతారో ఎవరైనా చెప్పారా?

సర్వర్_సూరి
రెండు లైన్లు పెట్టుకుంటారు.

అనుమానాల_పక్షి
రెండు ఫైబర్లూ ఒకే కరెంటు స్తంభం మీద వేలాడుతుంటే అవి రెండు కాదు, ఒకటే. మా వీధిలో పొక్లెయిన్ ఒక్క దెబ్బకి మూడు కంపెనీల కేబుళ్ళు తెంపింది.

చిట్టి_క్లౌడ్
ఇది మాత్రం ఒప్పుకుంటాను. ఒకటి ఫైబర్, ఇంకోటి సిమ్ రూటర్ పెట్టండి. స్క్రీన్ బొమ్మకి పెద్ద లైను అక్కర్లేదు. అప్పటికీ పోతే చేతితో రాసే బిల్లు పుస్తకం ఒకటి కౌంటర్‌లో ఉండాల్సిందే. ఎవరు రాస్తారు, లైన్ వచ్చాక ఎవరు ఎక్కిస్తారు, ఇది కూడా ప్లాన్‌లో భాగమే.

కానీ పక్షిగారూ, రెండో అంతస్తు సర్వర్‌కి ప్యాచ్‌లు (భద్రతా సవరణలు) ఎవరు వేస్తారు? 2012 ఆర్2కి సపోర్ట్ 2023 అక్టోబర్ 10తో, ఎస్‌క్యూఎల్ 2014కి 2024 జులై 9తో అయిపోయింది. బుల్లోడు గారు కొనుగోళ్ళు చూసుకుంటూ రాత్రిపూట చేయాలా?

పాత_డీబీఏ
ఉన్నదున్నట్టు ఎత్తుకెళ్ళినా సపోర్ట్ లేని సామాను సపోర్ట్ లేనట్టే కదా చిట్టీ.

చిట్టి_క్లౌడ్
మైక్రోసాఫ్ట్ వాళ్ళ క్లౌడ్ ఆజూర్‌లో పెడితే 2012కి అదనపు సెక్యూరిటీ ప్యాచ్‌లు 2026 అక్టోబర్ దాకా ఊరికే ఇస్తున్నారు. ఊపిరి పీల్చుకోవడానికే అది, ఇల్లు కట్టుకోవడానికి కాదు. కొత్త విండోస్ మీద సాఫ్ట్‌వేర్ నడుస్తుందో లేదో ఇప్పుడే చూడటం మేలు.

డల్లాస్_నైట్‌షిఫ్ట్
మా కంపెనీలో ఇదే పని పెద్ద ఎత్తున చేశాం. అందులో నాకు బాగా నచ్చిన భాగం పారేయడం. సర్వర్లలో ఐదో వంతు ఎవరూ వాడట్లేదని తేలింది, ప్లగ్ పీకి నెల రోజులు ఊరుకున్నాం, ఎవరూ అరవలేదు.

మీ 1.8 టీబీ అలాంటిదే అనిపిస్తోంది. అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్ అయితే లైన్ మొత్తం దానికే ఇచ్చినా ఎనిమిది రోజులపైన, రాత్రి పది గంటలే ఇస్తే ఇరవై రోజులు. ముందు డూప్లికేట్లు తీయండి.

ఇంకో మాట, అక్కడి మెషీన్లను లోపలి నుంచి షట్‌డౌన్ చేస్తే బిల్లు ఆగుతుందనుకోవద్దు. మేము వాడిన చోట ఆగలేదు. టెస్ట్ కోసం పెట్టిన పెద్ద మెషీన్‌ను రోజూ సాయంత్రం విండోస్‌లోంచి బుద్ధిగా ఆపేవాళ్ళం, పోర్టల్‌లో విడుదల చేస్తేగానీ మీటర్ ఆగదని నెలాఖరున తెలిసింది. మా మేనేజర్ ముఖం ఇప్పటికీ గుర్తుంది.

కాకినాడ_కాజా
లైట్లు ఆర్పి మీటర్ తిరుగుతుంటే చూస్తూ కూర్చోవడం.

బెజవాడ_బుల్లోడు
ఐదు వారాలకి మళ్ళీ వచ్చాను. తవ్వాను, అన్నీ దొరికాయి.

రాజమండ్రి మేనేజర్ దగ్గర ఒక ఎక్సెల్ ఉంది, ఎక్స్‌పైరీ దగ్గరపడ్డ మందుల లిస్టు అందులోనే వస్తుందట, నేరుగా డేటాబేస్‌కి తగిలించి ఉంది. 2019 నుంచి! నాకు తెలియదు. షేర్డ్ ఫోల్డర్‌లో 1.8 టీబీకి 700 జీబీ ఒకే ఫోల్డర్ కాపీలు, "కొత్తది", "కొత్తది ఫైనల్", "ఫైనల్ 2". ఇంకో 90 జీబీ అకౌంటెంట్‌గారి మనవరాలి ఓణీల ఫంక్షన్ వీడియో. ఆయన దాన్ని తీయడానికి ఒప్పుకోలేదు, పెన్‌డ్రైవ్ రుణం ఉంది కాబట్టి నేనూ గట్టిగా అడగలేదు, ఒక హార్డ్‌డిస్క్ కొనిచ్చాను.

సోర్స్ కోడ్ గుంటూరాయన లాప్‌టాప్‌లో ఒక్కచోటే ఉంది. ఒక కాపీ తీసుకోవడానికి రెండు వారాలు, మూడు భోజనాలు పట్టాయి.

అసలు బాంబు వేరే. సూరిగారి రైస్ మిల్లు కథ విని, కదిలే ముందు బ్యాకప్ రిస్టోర్ చేసి చూశాను. వరద తర్వాత కొత్తగా పెట్టిన బ్యాకప్ రోజూ "విజయవంతం" అని మెసేజ్ ఇస్తోంది. రిస్టోర్ చేస్తే అందులో పోయిన ఆర్థిక సంవత్సరం డేటాబేస్ ఉంది. ఏప్రిల్‌లో గుంటూరాయన కొత్త సంవత్సరానికి కొత్త డేటాబేస్ తెరిచాడు, బ్యాకప్‌లో దాన్ని ఎవరూ కలపలేదు. అంటే ఇన్ని నెలలు మళ్ళీ ఆ బీరువా మీదే ఆధారపడి ఉన్నాం.

సర్వర్_సూరి
చదువుతుంటేనే టెన్షన్ వచ్చింది. ఇప్పుడు?

బెజవాడ_బుల్లోడు
ఆ రాత్రే సరిచేశాను. క్లౌడ్‌కి మొదట వెళ్ళింది బ్యాకప్పే, 30 రోజులు ఎవరూ, నేను కూడా, చెరపలేనట్టు లాక్ పెట్టి. వేరే మెషీన్‌లో రిస్టోర్ చేసి బిల్లింగ్ తెరవడానికి 3 గంటల 40 నిమిషాలు పట్టింది, ఆ అంకె గోడ మీద రాశాను.

వెండర్‌తో మళ్ళీ కూర్చున్నాం. 4 కోర్లు, 32 జీబీ. ఎక్స్‌ప్రెస్ మీద నెలాఖరు స్టాక్ రిపోర్ట్ 19 నిమిషాలు పట్టింది (మామూలుగా 3), పెదనాన్న దానికి ఒప్పుకోలేదు, కాబట్టి నాలుగు కోర్ల స్టాండర్డే. రిమోట్ లైసెన్సులు కలిపి 51,000 దగ్గర తేలింది. మూడేళ్ళ ఒప్పందం మీద సంతకం పెడితే ఇంకా తగ్గిస్తామన్నాడు, ఆరు నెలలు నడిచాక చూద్దామన్నాను. షేర్డ్ ఫోల్డర్‌లో పాతదంతా చవక స్టోరేజీకి, ఈ రెండేళ్ళది ఆఫీసులో చిన్న ఎన్‌ఏఎస్‌లోనే.

అనుమానాల_పక్షి
51 వేలు. నా సర్వర్ ఆరు నెలల్లో వచ్చేస్తుంది.

బెజవాడ_బుల్లోడు
మీరన్నది పెదనాన్నకి చదివి వినిపించాను. "ఆయన్ని వచ్చి షాపులకి ఫోన్ చేసి బిల్లు ఫోటోలు అడగమను" అన్నారు.

ఓరుగల్లు_కుర్రోడు
ప్రింటర్ అన్నా, ప్రింటర్??

బెజవాడ_బుల్లోడు
నీ పుణ్యమా అని ముందే చూశాం తమ్ముడూ. పోయిన ఆదివారం రాజమండ్రి బ్రాంచి ఒక్కటే మార్చి 60 పాత బిల్లులు కొట్టించాం. మొదటి మూడు పక్కకి జరిగాయి, టెక్స్ట్‌కి మార్చాక కుదిరాయి. విజయవాడ కౌంటర్లు వచ్చే నెల పదిహేనో తారీఖు తర్వాత. సోమవారం పెదనాన్న రాజమండ్రి బిల్లు చేతిలో పట్టుకుని "ఇది ఇప్పుడు ఎక్కడుంది?" అన్నారు. హైదరాబాద్‌లో అన్నాను. "హైదరాబాద్‌లో ఎవరింట్లో?"

లెక్కల_మాస్టారు
పాత సర్వర్ అమ్మేయకండి, ఆడిట్ అయ్యేదాకా ఉంచండి.

బెజవాడ_బుల్లోడు
అమ్మట్లేదు మాస్టారూ. అందరూ మారాక కొత్త ఎంట్రీలు ఆపేసి, పాతవి చూసుకోవడానికి మాత్రం ఆన్‌లో ఉంచుతాం.

కాకినాడ_కాజా
ఎక్కడ పెడతారు?

బెజవాడ_బుల్లోడు
బీరువా మీద.